కింది స్వరం

పెళ్లి పదహారు రోజులుందనంగా
పెంచలయ్య ఫోన్ చేసినాడు.
"డోలు లేదు, తాళం లేదు, నువ్వొక్కడివే గదా,
ఇరవై దినార్లు. గట్టిగా ఊదాల.
ఫహాహీల్ మొత్తం వినపడాల."

డోలు కొట్టే హుసేనప్పకు ఆ రాత్రి షిఫ్టు.
నాకూ షిఫ్టే. తోటి బంగ్లాదేశీకి
రెండు శుక్రవారాలు బాకీపడి
సెలవు కొనుక్కున్నా.

బంకు మంచం మీద కాగితం పరిచి రాసుకున్నా.
జనం వచ్చేటప్పుడు హంసధ్వని.
ఫోటోలకు మోహన, ఎంతసేపైనా సాగుతుంది,
వరసలో నిలబడినోళ్లకు కాళ్లనొప్పి తెలీదు.
బిర్యానీ మూత తీసినంక ఏదైనా ఒకటే.
ముఖారి ఊసే లేదు.
సింధుభైరవి రాసి, కొట్టేసి, మళ్లీ రాసినా.

మా గురువు మస్తానయ్య అనేవాడు:
"పెళ్లిలో వాయించేవాడు చారులో ఉప్పురా.
ఉన్నాడని తెలియగూడదు.
లేకపోతే తెలియాల."
నాలుగు వందల పెళ్లిళ్లకు ఊది
ఒక్క పంక్తిలోనూ మొదట కూర్చోలేదు ఆయన.

మూడు రోజుల ముందు పెళ్లికూతురి మెసేజ్.
సుగుణ. నర్సు. ముఖం చూసింది లేదు.
"అన్నా, ఒకటి అడుగుతా, మామకు చెప్పొద్దు.
ఓబులేసుది పన్నెండేళ్లు డ్రిల్లింగ్ మిషన్ మీద పని.
కుడి చెవి పూర్తిగా పోయింది.
ఎడమ చెవికి సన్న శబ్దాలు అందవు,
పిట్టలు, ఫోన్ రింగు, నా గాజులు.
లావు శబ్దాలు అందుతాయి. లారీ, సముద్రం.
ఆయన పెళ్లి ఆయనకు వినపడాల గదా."

కాగితం చించేసినా.

క్లారినెట్‌కు మూడు గొంతులు.
పైది పందిరెక్కి ఊరిని పిలుస్తుంది.
నడిమిది మాట్లాడుతుంది.
కిందిది,
ఖాళీ కుండలో నోరు పెట్టి
ఎవరి పేరో పలికినట్టుంటుంది.
దాన్ని పెళ్లిళ్లలో ఎవరూ అడగరు.

పాటలన్నీ ఒక్కో మెట్టు దించుకుంటూ వచ్చినా.
మోహన దిగినంక
చెప్పులిడిచి ఇంట్లోకొచ్చిన మనిషి మాదిరి ఉంది.
హంసధ్వని దిగనంది.
పోనీలే, పెంచలయ్యకు అదొకటి.

బయట నలభై ఆరు. హాల్లో పద్దెనిమిది.
కట్టె గదా, ఆ చలికి పగులుతుంది.
చొక్కా లోపల చంకలో పెట్టుకుని
పావుగంట కూర్చున్నా, కోడిపిల్లను పొదిగినట్టు.

మూడో పాటకే పెంచలయ్య దూరం నుంచి
చెయ్యి పైకి చూపించినాడు. ఎత్తు, ఎత్తు.
తల ఊపినా. ఎత్తలేదు.

ఇషా అజా మొదలైంది. ఆపేసినా, హాలు నియమం.
చెంచాల చప్పుడు కూడా తగ్గింది.
ఆ సందులో కుర్చీ ఎత్తుకుని
వేదిక ఎక్కి, ఓబులేసు ఎడమ పక్కకు పోయినా.
రెండు మూరల దూరం.
ఎవరేమన్నా నవ్వుతున్నాడు,
వినపడనోళ్లు నవ్వినట్టు.

అజా అయినంక సింధుభైరవి.
అడుగు షడ్జం పట్టి వదల్లేదు.
ముందు కనురెప్ప.
ఆ తర్వాత సోఫా మీది చెయ్యి
బోర్లాపడి, కట్టెలో వణుకును వెతుక్కుంది.
నవ్వు ఆగింది.
ఆగినంక తెలిసింది ఆ ముఖం ఎట్లాంటిదో.
సుగుణ అటు తిరగలేదు.
గాజుల చెయ్యి మాత్రం
కదలకుండా ఒళ్లో పట్టుకుంది.

కవరులో పదిహేనే.
"ఊపిరి సాల్లేదప్పా" అన్నాడు పెంచలయ్య,
"ఐదు పట్టుకున్నా."
సరేనన్నా. బిర్యానీ కట్టించినాడు, మంచోడే.

తెల్లారి డ్యూటీ.
చిల్లర్ ప్లాంటు తలుపు తీస్తే
ఆరు మిషన్లు ఒకే శ్రుతిలో గుయ్యిమంటున్నాయి.
ఆరేండ్లుగా వాటితో శ్రుతి కలిపే సాధన చేస్తున్నానని
క్యాంపంతా గొప్పలు చెప్పుకున్నోణ్ణి.
మేకుకు వేలాడే చెవిమూతలు తీసి,
వాటి మీది దుమ్ము ఊది,
పెట్టుకున్నా.