కర్తరి లెక్క

పెరంబూరులో సవారీ ఎక్కేసరికి
తెర మీద అరవై రెండు.
సిరుసేరికి నలభై ఒకటి.
చాలులే అనుకున్నాను.
ఏసీ మీట నొక్కానో లేదో
యాభై నాలుగు.
చక్రం ఇంకా ఒక్క చుట్టు తిరగలేదు.

కర్తరి పట్టి నాలుగో రోజు.
కత్తెర ఎండ అని ఊరికే అనలేదు పెద్దవాళ్లు.
ముందున్న దారిని
ముక్కలు ముక్కలుగా కత్తిరిస్తోంది.

పెట్రోలు బండి తోలినన్నాళ్లూ
చల్లగాలి వెల ఎంతో నాకు తెలీదు.
ముక్కుతూ మూలుగుతూ ఇంజనే ఇచ్చేది,
ఇచ్చానని చెప్పేది కాదు.
ఇది అలా కాదు, పద్దుల గుమస్తా.
ప్రతి చలిగుక్కా రాసి
కళ్లముందు పెడుతుంది.

బండి ఖాళీగా ఉంటే అద్దాలు దించేస్తాను.
తువ్వాలు తడిపి మెడకు చుట్టుకుంటే
పూటకు ఏ పదో పన్నెండో మిగులుతాయి.
చొక్కా పిండితే వచ్చేవి అవే కిలోమీటర్లు.

వెనక సీట్లో పెంచలయ్య,
ఏసీలు బాగుచేసే మనిషి.
కాళ్ల దగ్గర గ్యాసు సిలిండరు, పానాల సంచి.
నెల్లూరు యాస వినగానే ఇద్దరం ఊళ్లు చెప్పుకున్నాం.
పొద్దుట్నించి ఏడిళ్లు చల్లబరిచాడట
సన్‌షేడ్ల మీద నిలబడి.
"వాళ్ల గదుల్లో వేడంతా
మేము నిలబడే వైపే కక్కుతాయన్నా ఆ పెట్టెలు"
అని నవ్వాడు.
నవ్వు సగంలోనే నిద్రపోయాడు.

మధ్యకైలాష్ దగ్గర అంతా ఆగిపోయింది.
బండి కదలదు, అంకె కదులుతుంది.
ముప్పై మూడు.
ముప్పై ఒకటి.
ఇంకా ఇరవై అయిదు పోవాలి.
ఫ్యాను ఒక గీత తగ్గించాను.
అద్దంలో అతని నుదురు ముడిపడింది.
మళ్లీ పెంచాను.

టోల్‌గేటు దాటాక తాబేలు బొమ్మ వెలిగింది.
తాబేలులాగే పోయాను,
వెనక లారీలు తిట్టిన తిట్లు అరవంలో,
నేను మింగినవి తెలుగులో.

దిగేటప్పుడు అంకె చూసి నాలిక కరుచుకున్నాడు.
"లేపి ఆపేస్తానంటే పోయేది కదన్నా!
రేపట్నించి వైరు తగిలించి ఉండగానే చల్లబరుచుకో.
మొదటి చల్లదనానికే ఆకలెక్కువ,
అదేదో గోడ కరెంటు తినిపో."

ఛార్జరు దగ్గర నా ముందు రెండు బళ్లు.
అన్నీ ఆపేశాను.
వెనక సీటు మాత్రం
ఇంకా కొంచెం చల్లగా ఉంది.
వెళ్లి అక్కడ కూర్చున్నాను,
ఏడాదిగా తోలుతున్న బండిలో
ఎన్నడూ కూర్చోని చోట.