అంకెకి ఒక కూజా

నా పేరు అంజోర్. బోర్డులు రాస్తాను.
కాకసస్ కొండల కింద
ఎగువ నసోపికీ దిగువ నసోపికీ
కుంచె పట్టే చెయ్యి ఇదొక్కటే.
మా అమ్మది ఎగువ, నాన్నది దిగువ.
పెళ్ళిలో పోసిన వైన్ పులిసిందని వీళ్ళు,
మీకు నాలుకే లేదని వాళ్ళు.
ఆ తగవు నాకంటే ఏడాది పెద్దది.

పోయినేడు గెలా పందుల దొడ్డికి గుంత తీస్తుంటే
పారకి బాన అంచు తగిలింది.
తిబిలిసీ నుంచి చ్యాలా మేడం దిగింది,
పళ్ళు తోమే బ్రష్షుతో మూడు వారాలు మట్టి తోమి
అడుగున ద్రాక్ష మరక ఉందంది.
ఆరువేల ఏడొందల ఏళ్ళట!
ఎగువ వాళ్ళు ఊరి మొగదల రాయించారు:
"లోకంలో మొదటి గుక్క ఇక్కడే."
తాతలు తాగారు కదా,
ఇక వచ్చేపోయే బస్సులన్నీ వాళ్ళ మూతులు వాసన చూడాలి.

దిగువకి ఆ రాత్రి నిద్ర లేదు.
తెల్లారేసరికి బడి వెనక, చర్చి వెనక,
ఊరిపెద్ద ఓతారీ వంకాయ మడిలో కూడా గోతులే.
పదకొండో రోజు ఒక పెంకు,
నా అరచేతికంటే చిన్నది.
"ఆరువేల ఏడొందల నలభై,
అటూ ఇటూ వందేళ్ళు తేడా" అంది మేడం.
"అటు చాలమ్మా," అన్నాడు ఓతారీ,
"ఇటు వద్దు."

మీది పెంకు, మాది నిండు బాన అని ఎగువ.
బాన కాదది, ఊరగాయ జాడీ అని దిగువ.
ముసలి మ్జెవినార్ కిటికీలోంచి అరిచింది:
"ఆ పెంకూ మాదే!
మా ఇంట్లో ఎత్తుకుపోతూ దారిలో పగలగొట్టారు,
అప్పట్నుంచీ మీ బుద్ధి అంతే!"

నా కూలి, మార్చిన అంకెకి ఒక కూజా.
ఆరు పోయి ఏడు వచ్చి
ఏడువేల పదిహేను అయిన రోజు
నాలుగంకెలూ మారాయి.
ఆ నెలంతా గోడ పట్టుకు నడిచాను.

కొండ అవతలి ఊరు, ఇంతవరకు
గడ్డపార కూడా ఎత్తని ఊరు, కబురు పెట్టింది:
"అన్నిటికంటే పాతది అని రాయి.
అంకెకి చోటు వదులు.
తవ్వాక చెబుతాం."

నిన్న పొలిమేర గట్టు మీద
కొత్త స్తంభానికి గుంత తీస్తుంటే
టంగుమంది.
వంగి చూశాను.
ఎర్రగా, గుండ్రంగా, చెక్కు చెదరని మూతి.
సగం అమ్మ వైపు, సగం నాన్న వైపు.
చెవి ఆనించాను,
లోపల ఎవరూ ఏమీ అనడం లేదు.

అటు చూశాను. ఇటు చూశాను.
మట్టి కప్పి, కాలితో తొక్కి,
స్తంభం మూరెడు పక్కకి పాతాను.
రంగు డబ్బా మూత తీశాను.

ఎగువ వాళ్ళు ఈసారి బంగారు రంగు అడిగారు.
దానికి కూజా వేరే.