ఎనిమిది

హై వికమ్‌లో వాన పడితే పాలిష్ పని ఆగిపోతుంది.
తడిగాలి తగిలితే లక్క తెల్లబోతుంది,
అచ్చం మనిషిలాగే.

అందుకని ఈ పూట మోరీన్ ట్యాపింగ్
కెటిల్ పొయ్యి మీద పెట్టి
నన్ను కళ్లు మూసుకుని బల్ల తడమమంది.
"ఎక్కడ గరుకు?"
ఎక్కడా లేదంది నా అరచేయి.
ముంజేయి ఆనించి చూడమంది.
అక్కడ, అంచుకి జానెడు ఇవతల,
ఇసుక కాగితం మరిచిపోయిన చోటు.

నిన్న ఎండ కాసింది.
పాత దుప్పటి గుడ్డలో దూది ఉండ,
ఓ చుక్క నూనె, ముక్కుపుటాలు మండించే స్పిరిట్.
ఆగకు. ఆగావా, గుడ్డ అక్కడే అతుక్కుంటుంది.
ఎనిమిది అంకెలా తిప్పు, అంది.
నా చేతికి ముందొచ్చింది
అమ్మమ్మ పాలపద్దులో ఉండే ౮.
ఓ పక్క తెరుచుకునే ఉంటుంది అది.
ఆమె నా మణికట్టు పట్టుకుని
దాన్ని మూయించింది.

రాత్రంతా సీసాలో నానిన లక్క రేకులకి
నా లక్కపిడతల రంగు.
ఉత్తుత్తి అన్నం వండేవాళ్లం వాటిలో.
చెబుదామనుకున్నాను.
పిడతకి ఇంగ్లిషు తట్టలేదు.
ఉత్తుత్తికి అసలే తట్టలేదు.

నాలుగింటికి చినుకులు పలచబడ్డాయి.
మోరీన్ వంగి, బల్ల మీద ఒక్కసారి ఊదింది.
ఊపిరి మరక మెల్లగా కుంచించుకుపోతుంటే
పెదాలతోనే లెక్కపెట్టింది,
ఆరు, ఏడు, ఎనిమిది,
ఇంకా పోలేదు.

"రేపు," అని
గుడ్డ ఉండని జాడీలో వేసి
మూత బిగించింది.