ధడా

తిరువొత్తియూరు హైరోడ్డులో,
తేరడికి రెండంగళ్ళ అవతల
చెంగల్రాయుడి తాళ్ళ కొట్టు.
తాళ్ళే కాదు, మేకులు, రంగులు, లంగరు కొక్కేలు,
డీజిలింజను వాషర్లు, వలలకు సీసపు గుండ్లు.
అడిగినవాడి దగ్గర చిల్లర కనిపిస్తే
లేని సరుకు కూడా సాయంత్రానికి ఉండేది.

పదమూడేళ్ళప్పుడు చేరాను నేను.
మొదటిరోజే చెప్పాడు:
"నాకు ఎడమ చెవి లేదు.
బేరమాడేవాళ్ళని అటు నిలబెట్టు."

డెబ్భై ఒకటి యుద్ధంలో ఓడ మీద పనిచేశాడని
వీధంతటికీ తెలుసు.
కుప్పం పిల్లలు జీళ్ళు చప్పరిస్తూ అడిగేవాళ్ళు,
"తాతా, యుద్ధంలో సముద్రం ఎట్లుంటది?"
"చూళ్ళేదురా.
పైనున్నవాళ్ళు చూశారు.
నేను అడుగున, బాయిలరు దగ్గర.
మాకు సముద్రమంటే
ఇనపరేకు అవతల చప్పుడు."
వేలి కణుపుతో బల్ల మీద కొట్టి చూపేవాడు,
"ఇంత మందం. అంతే."

పిల్లలకి నచ్చేది కాదు.
వాళ్ళకి ఫిరంగులు కావాలి.
ఆయన దగ్గరున్నవల్లా
ఉప్పుబిళ్ళలు మింగుతూ చేసిన నాలుగ్గంటల పాళీలు,
చొక్కా విప్పినప్పుడు భుజం మీద
ఆవిరి నాకిన తెల్లటి మచ్చ.

కొట్టుకీ పాళీలే పెట్టాడు.
చిట్టాలో బాకీల పైన
గాలి ఎటునుంచో రాసేవాడు:
ఈశాన్యం. వాన లేదు. అంతోణి 340.
ఇదెందుకయ్యా అంటే
"గాలి ఎటో తెలిస్తే
అంతోణి ఎప్పుడిస్తాడో తెలుస్తుంది."

ఆ డిసెంబరు ఆదివారం
కెరటం వచ్చి పడవల్ని రోడ్డు మీద పడేసి పోయాక
పక్క తాకట్టు కొట్టు సేటు సలహా చెప్పాడు,
"కుప్పం బాకీలు కొట్టేయండి, పుణ్యం."
కొట్టెయ్యలేదు.
ఒక్కొక్క పేరూ కొత్త పేజీలో మళ్ళీ రాసి
తేదీ దగ్గర ఖాళీ వదిలాడు.
"మాఫీ చేస్తే సిగ్గుపడి
నా గడప ఎక్కడం మానేస్తాడు.
బాకీ ఉంటే వస్తాడు."
ఆ వారమే అందరికీ అరువు మీద తాడు కొలిచాడు,
గజానికి గజం, ఒక్క జానెడు ఎక్కువ లేదు.

(పక్కనే ఉన్నాను.
ప్రతి కొలతకీ జానెడు ఎక్కువే.)

ఏటా అదే నెలలో అలెప్పీకి ఒక మనియార్డరు,
కుంజప్పన్ భార్య పేరున.
కుంజప్పన్ ఎవరని అడిగితే
ఎడమ చెవి నా వైపు తిప్పేవాడు.
ఒక ఏడు డబ్బు తిరిగొచ్చింది,
చిరునామాలో ఎవరూ లేరని.
ఆ రసీదు చిట్టాలో అంటించి,
బాకీదారు గడిలో తన పేరే రాసుకుని,
తేదీ దగ్గర
ఖాళీ.

ఇక పతకం సంగతి.
పెద్ద త్రాసు ఒకపక్కకి ఒరిగేది.
రిబ్బను పీకేసి, రాగితీగతో
కుడి తట్ట కింద ధడా కట్టాడు.
తూనికల ఇన్‌స్పెక్టరు వంగి చూసి
"ఇది సర్కారు ఇచ్చింది కదండీ" అన్నాడు.
"తమరు వేసే ముద్రా సర్కారుదే కదండీ."
ఇన్‌స్పెక్టరు నవ్వలేదు.
గుండ్లు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూశాడు.
ముల్లు నిటారుగా నిలబడింది.
ముద్ర వేసి టీ తాగకుండా వెళ్ళిపోయాడు.

ముప్పై ఏళ్ళు ఈ ఊళ్ళో మేకులన్నీ
ఆ యుద్ధాన్ని మినహాయించుకుని తూగాయి.

పోయిన ఆడిలో ఆయన పోయాడు.
ఫోటో పక్కన పెట్టుకుంటామని
అల్లుడు పతకం అడిగాడు. న్యాయమే.
తీగ విప్పాను.
ఖాళీ త్రాసు చాలాసేపు ఊగి ఊగి
ఎడమకి ఒరిగింది,
వినబడని వైపుకి.

బదులు ఏం కట్టాలా అని వెతికాను.
వాషర్లు చాలలేదు, కొక్కెం ఎక్కువైంది.
వలగుండు ఒకటి సరిపోయింది, దాదాపు.

ఇవాళ గాలి ఆగ్నేయం. మబ్బుంది.
అంతోణి కొడుకు వచ్చి
రెండు వందలు కట్టిపోయాడు.
తేదీ రాశాను.