ఎనిమిదేళ్ళు

సాలిగ్రామం కమ్యూనిటీ హాల్లో కార్డుల శిబిరం.
నా టోకెను నలభై మూడు.
పిత్తాశయంలో నాలుగు రాళ్ళున్నాయి నాకు.
స్కాను తీసినాయన కందిగింజలంత అన్నాడు,
నేను ఉసిరికాయలంత అని చెప్పుకుంటున్నాను.
చిన్న వేషాన్ని పెద్దది చేసి చెప్పడం
మా వృత్తిలో ఉన్నదే.

కంప్యూటరు ముందు పిల్ల పేరు కయల్విళి.
నా ఆధార్ చూసి తల అడ్డంగా ఊపింది.
"డెబ్బై నిండాలి పాట్టీ. మీకు అరవై నాలుగే."

అరవై నాలుగే!
ఈ 'ఏ' కోసం ఒకప్పుడు
ఎంతమందికి కాఫీలు ఇప్పించానో.

అసలు వయసు డెబ్బై రెండు.
ఆ ఎనిమిదీ ఎక్కడ జారవిడిచానో కూడా తెలుసు.
రెండు, కోడంబాక్కంలో యూనియన్ కార్డు రాస్తూ
మేనేజరు పెన్ను ఆపి నా మొహం చూసినప్పుడు.
మూడు, హీరోయిన్‌కి పడుచు గొంతు కావాలి,
ఈవిడెందుకని కొత్త డైరెక్టరు గొణిగినప్పుడు.
ఒకటి, పరిశ్రమ హైదరాబాదు రైలెక్కి
నేను ఎక్కలేకపోయిన ఏడు.
చివరి రెండూ, ఆధార్ కుర్రాడు ఏ సంవత్సరమని అడిగితే,
అవసరమేమీ లేదు,
నోటికి అలవాటై.

ఎన్ని ఆసుపత్రి సీన్లకి గొంతిచ్చాను!
"డాక్టరుగారూ, మా ఆయన్ని బతికించండి" అని
ఒక్కో టేకుకి ఒక్కో రకంగా ఏడ్చాను.
ఏ రీల్లోనూ ఏ డాక్టరూ
కార్డుందా అమ్మా అనలేదు.
బిల్లు కౌంటరు సెట్టు వేయించిన నిర్మాతని నేనెరగను.

పిల్ల ఓపికమంతురాలు. సగం తమిళం,
సగం నా కోసం వెతుక్కున్న తెలుగు.
డెబ్బై దాటితే కేంద్రం కార్డు,
ఉన్నవాళ్ళైనా లేనివాళ్ళైనా ఒకటే,
ఏడాదికి అయిదు లక్షల దాకా.
కానీ మంచమెక్కితేనే లెక్క.
ఊరికే వెళ్ళి చూపించుకుని మందులు కొనుక్కుంటే
ఆ డబ్బు మనదే.
అన్ని ఆసుపత్రులూ కావు, జాబితాలో ఉన్నవే.
చేరేటప్పుడే కార్డు చూపించాలి.
డైలాగు పేపరులా రెండుసార్లు చెప్పించుకున్నాను
ఆమె పెదాలే చూస్తూ.

"పుట్టిన తేదీ మార్చొచ్చు, కాగితం ఉంటే.
లేదంటే రాష్ట్రం కార్డు. దానికి వయసు అక్కర్లేదు.
రేషన్ కార్డు, ఆదాయం సర్టిఫికెట్టు చాలు.
ఏడాదికి లక్షా ఇరవై వేలు దాటకూడదు.
మీ సంపాదన ఎంత పాట్టీ?"

ఇదిగో, ఇక్కడ ఇంకో చిక్కు.
వయసు తగ్గించి చెప్పిన నోరే
రేటు పెంచి చెప్పేది.
వెనక టోకెను నలభై నాలుగు, పైడమ్మ, మా వీధే.
సీరియళ్ళలో నెలకి పాతికవేలని
చీటీల దగ్గర ఆవిడతో కోసింది నేనే.

మైకు ముందు సర్దుకున్నట్టు గొంతు సర్దుకున్నాను.
"కిందటేడు మొత్తం పదకొండు వేలు.
ఇద్దరు బామ్మలకి, ఒక అమ్మవారికి.
వయసు డెబ్బై రెండు."
రిహార్సల్ లేదు. ఒకటే టేకు.

పైడమ్మ వెనకనించి అంది,
"తెలుసులే."

కయల్విళి చీటీ మీద రాసిచ్చింది,
తాసిల్దారు ఆఫీసు, ఏ కిటికీ, ఏ వేళ.
ఏలూరు మునిసిపల్ బడి రిజిస్టరుని
చెదలు వదిలిపెట్టి ఉంటే
అందులో నా తారీఖు ఉండాలి.
రేపు ఫోను చెయ్యాలి.

బయట మిరపకాయ బజ్జీల బండి.
నూనె వాసన తగిలితే చాలు రాళ్ళు కదులుతాయి.
ఆగాను, కాసేపు.
అరవై నాలుగైతే
తినేదాన్నే.