అరమాత్ర

గుణుపురం ఆసుపత్రి మందుల కిటికీలో
ఇరవై రెండేళ్ళుగా జనానికి నా మొహం సగమే కనిపిస్తుంది.
ఒడియాలో చీటీ రాస్తాను, తెలుగులో చెబుతాను,
కొండ దిగి సవరలొస్తే వేళ్ళు చూపిస్తాను.

తంగుడు గవరయ్యకి మాత్రం రెండోసారి చెప్పక్కర్లేదనుకున్నాను.
నౌపడా చిన్నబండి దారిలో కీమేను చేసినవాడు.
సుత్తితో పట్టా మీద ఒక్కటి కొట్టి
చప్పుడు బట్టి ఎక్కడ బోల్టు వదులైందో చెప్పేవాడు.
ఇప్పుడు వదులైంది తన ఛాతీలోనే.
"లోపల జాయింట్లు సమంగా నేవు బాబూ.
టకటక, టక... తర్వాత చానాసేపు ఏటీ నేదు."

డాక్టరు రాసిన మాత్ర మినపబద్దంత.
ఎక్కడో చలిదేశంలో పూసే ఓ మొక్క ఆకులోంచి తీసిన సత్తు.
మన ఒంట్లో ప్రతి కణం గుమ్మం దగ్గరా ఓ కూలీ ఉంటాడు,
రాత్రీ పగలూ ఉప్పు బయటికి తోడిపోస్తూ.
ఈ మందు వెళ్ళి అతని చెయ్యి పట్టుకుంటుంది.
ఉప్పు నిలుస్తుంది. దాని వెనకే సున్నం నిలుస్తుంది.
నీరసించిన కండ అప్పుడు పిడికిలి బిగిస్తుంది.
కొందరు కూలీల చెయ్యి పట్టుకుంటే చాలు.
అందరివీ పట్టుకుంటే
గుండె తన వరస మర్చిపోతుంది.
ఇంత సన్నటి గట్టు మీద నడిచే మందు
నా అలమరలో మరొకటి లేదు.

అందుకే వారానికి ఐదు రోజులే, అదీ అర.
శని ఆదివారాలు గుండెకి సెలవు.
"పింఛనీ అయినా డ్యూటీ తప్పనేదన్నమాట" అని నవ్వాడు.
కవరు మీద రాశాను: ఒధా. సగం.

వంశధార ఒడ్డు తెలియకుండా పారుతున్న నెలలో
గోడ పట్టుకుంటూ వచ్చాడు.
అన్నం మెతుకు పసుపుగా ఉందట.
నా తెల్లకోటూ పసుపేనట.
నాడి నలభై దాటలేదు.
ఈసీజీ కాగితం మీద గీత
కింద మట్టి కొట్టుకుపోయిన పట్టాలా
అక్కడక్కడా గాల్లో వేలాడుతోంది.

మాత్రలు లెక్కపెట్టాను.
మిగలాల్సినన్నే మిగిలాయి, తెగిన ముక్కతో సహా.
"ఇంకేం తిన్నావు?"
చాలాసేపు గోడకేసి చూశాడు.
"కాళ్ళు పొంగితే బుధారి దుంప ఇచ్చింది."

పుట్టాసింగి సంతలో బుధారి రైకా ముందు, గోనె మీద,
కోడిగుడ్డంత దుంపలు, ఉల్లిపొరల్లాంటి పొరలు.
నక్కుల్లి అంటారు మావాళ్ళు. తాకితే చెయ్యి దురద.
వాపు తీస్తుందని కొండ మీద ముత్తవ్వల నాటి నుంచీ తెలుసు.
నేను కొట్లాటకే వెళ్ళాను.
ఆమె చిటికెనవేలి గోరు చూపించింది, ఇంతే ఇచ్చానని.
"నీ కిటికీలో కూడా అలాంటిదే తింటున్నాడని
నాకు ఎవరు చెప్పారు?"

ఆ మాట కాదనలేకపోయాను.
పరదేశపు ఆకూ, మా కొండ దుంపా
ఒకరి మొహం ఒకరు చూడని అన్నదమ్ములు.
ఒకే కూలీని చెరో పక్కా పట్టుకున్నారు.
ఆమెది కొంచెమే, నాది సగమే.
కూడితే మనిషి కంటే ఎక్కువైంది.

గవరయ్య తేరుకున్నాడు. అట్రోపిన్ సూది కొంత,
నర్సు ప్రమోదిని బెహెరా రాత్రంతా వదలని మణికట్టు కొంత.
ఆరో రోజు గిన్నెలోకి చూసి
"తెల్లగానే ఉంది" అన్నాడు, ఏదో పోగొట్టుకున్నట్టు.

మునిసిపాలిటీవాళ్ళు ఆసుపత్రి గేటు పక్కన
పచ్చగన్నేరు నాటారు, అందానికి.
కాయలు రాలే కాలంలో నేనే ఏరి పూడుస్తాను.
అదీ ఆ అన్నదమ్ముల్లో ఒకటే, మరీ మొరటుది.

ఇప్పుడు మాత్ర చేతిలో పెట్టేముందు అడుగుతాను,
ఏ ఆకు తింటున్నావు, ఏ దుంప తింటున్నావు అని.
సవర మాటలో అడగడం బుధారే నేర్పింది.
నాకు సరిగ్గా పలకడం రాదు.
ముందు నవ్వుతారు.
తర్వాత చెబుతారు.