నివేదికకు అనుబంధం

గౌను విప్పి కుర్చీ వీపుకి తొడిగాను.
నాకంటే దానికే బాగా నప్పింది.
నాఫ్తలిన్ వాసన ఇంకా మెడ దగ్గరే ఉంది,
ఏడాదికొక్క పూట వెలుగు చూసే బట్ట కదా.

కుడిచేతి వేలికి సిరా.
తొమ్మిదివందల ఎనభై పట్టాల మీద
పదకొండు రాత్రులు సంతకం పెట్టాను.
నాలుగో రాత్రికి నా పేరు నా పేరులా లేదు:
ఒక వంపు, ఒక తోక,
ఇసుక మీద ఆరిపోయే నురగ గీత.
"రబ్బరు ముద్ర చాలు మేడం" అన్నారు
రిజిస్ట్రార్ సన్యాసిరావు గారు.
చాలదన్నాను. ఎందుకో అప్పుడు చెప్పలేకపోయాను.

పొద్దున వేదిక మీద నివేదిక చదివాను.
నూట నలభై పరిశోధన పత్రాలు,
రెండు పేటెంట్లు,
ర్యాంకుల పట్టికలో పదిహేడు మెట్లు పైకి.
మెట్లు అన్నచోట చప్పట్లు పడ్డాయి.
షామియానా కింద ఒకటే ఉక్క.
సముద్రం పక్కనే ఉంది,
గాలి మాత్రం ఆహ్వానపత్రం లేనట్టు
గేటు దగ్గరే ఆగిపోయింది.

కిల్లో జముని బంగారు పతకానికి మెట్లెక్కుతుంటే
వాళ్లమ్మ చప్పట్లు కొట్టలేదు.
ముందు కుర్చీని రెండు చేతులా పట్టుకుంది,
అరకు ఘాట్‌రోడ్డు మలుపుల్లో
బస్సు సీటు పట్టుకున్నట్టు.
ఇది నివేదికలో లేదు.

భోజనాల దగ్గర పులిహోర వడ్డించే అబ్బాయి
గరిటె ఆపి "నమస్తే మేడం" అన్నాడు.
"ఫస్టియర్లో మీరు మాకు ఆటుపోట్లు చెప్పారు.
కోస్టల్ బ్యాటరీ దగ్గర కర్ర పాతించి
గంటగంటకీ నీటిమట్టం రాయించారు."
తెడ్డు నూకరాజు. పెదజాలరిపేట.
నాలుగో సెమిస్టరు దగ్గర ఆపేశాడు.
బోటు ఇంజను, అప్పు, ఇంకా ఏవో.
వెనక వరుస పెరుగుతోందని
గబగబా చెప్పాడు.
"మళ్లీ చేరడం అవుతాదా మేడం? ఫీజెంత?"

పదిహేడు మెట్లూ కంఠతా వచ్చిన నాకు
ఆ ఒక్క అంకె రాలేదు.
కనుక్కుని చెప్తానన్నాను.
ఇంకో గరిటెడు వేశాడు,
తెలియకపోయినా పర్లేదులెండి అన్నట్టు.

ఇప్పుడు బల్ల మీద
మూడేళ్ల కిందటి ప్రవేశాల రిజిస్టరు.
చేరింది వెయ్యినూట పన్నెండు మంది.
తీసివేత నాకు వచ్చు.
నూట ముప్పై రెండు.
ఏ ర్యాంకు ఫారంలోనూ దీనికి గడి లేదు.

ముప్పై ఏళ్లు సముద్రాన్ని కొలిచిన దాన్ని.
పోటు ఎక్కడిదాకా ఎక్కిందో గీత గీసి, తేదీ వేసి,
ఆటు ఎక్కడిదాకా దిగిందో
అంత జాగ్రత్తగానూ గీసేదాన్ని.
లేకపోతే ఆ పట్టిక రేవుకి పనికిరాదు.
ఓడ నేల తగిలేది పోటులో కాదు.
ఈ కుర్చీలోకొచ్చాక
పోటునొక్కదాన్నే గీస్తున్నాను.

పదకొండు దాటాక సన్యాసిరావు గారికి ఫోన్ చేశాను.
"రూలు పద్నాలుగండి," నిద్రగొంతు,
"ఆపేసిన ఏడాదిలోపైతే చేర్చుకోవచ్చు.
నాలుగో సెమిస్టరు వాళ్లకి గడువు
నిన్నటితో సరి."

నిన్న.
నిన్న మధ్యాహ్నమంతా
వేదిక ముందు పూలకుండీలు
కాస్త ఎడంగా జరిపించాను.

"ఆ గడువు పొడిగించేది ఎవరు?"
అవతల చాలాసేపు ఫ్యాను చప్పుడు.
"మీరే అనుకుంటానండి,
పాలకమండలి ముందు పెట్టేదాకా.
ఎవరూ ఎప్పుడూ అడగలేదు."

డాల్ఫిన్స్ నోస్ మీద దీపం
ఒకసారి ఇటు చూసి తిరిగిపోయింది.
కలం విదిలించాను, ఇంకొంచెం ఉంది.
తెల్లకాగితం మీద తేదీ వేశాను.
కింద నా పేరు,
ఈసారి వంపూ తోకా కాకుండా,
వడ్డన పని ముగించుకొచ్చిన కుర్రాడికి
కూడబలుక్కోకుండా అందేలా
అక్షరమక్షరం రాశాను.